ఆట గుర్తుంది.. పేరే గుర్తు రాదు!

చిన్నప్పుడు ఆడిన కంప్యూటర్ ఆట కళ్ల ముందు కదలాడుతుంటుంది. పేరు మాత్రం ఎంత గింజుకున్నా తట్టదు. ఇది మతిమరుపా? కాదు. మన జ్ఞాపకశక్తి పనిచేసే తీరే అంత. దాన్ని తెలుసుకుంటే పాత ఆటను పట్టుకోవటమే కాదు, ఇంట్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలను మేల్కొల్పటమూ తేలికవుతుంది.

ఎర్ర టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ. ఇటుక దిమ్మెల మీద గెంతుతూ, వజ్రాలు ఏరుకుంటూ పోతుంటుంది. మంటల్లో పడితే ఒక లైఫ్ పోయినట్టే. ఎక్కడో ఉన్న కప్పును అందుకుంటే తప్ప తలుపు తెరచుకోదు. ఆ కంప్యూటర్ ఎవరింట్లో ఉండేదో గుర్తుంది. పక్కన కూర్చుని ‘ఇక నా వంతు’ అని గోల చేసిందెవరో గుర్తుంది. కానీ ఆట పేరేంటి?

ఇప్పుడు 30, 40 ఏళ్లలో ఉన్న చాలామందికి ఇలాంటి ఆట ఒకటైనా ఉంటుంది. ‘నాన్నా, చిన్నప్పుడు నువ్వేం ఆడేవాడివి?’ అని పిల్లలు అడిగినప్పుడో, వేసవి సెలవుల్లో పెదనాన్న, పిన్ని పిల్లలంతా కలిసినప్పుడో అది చప్పున మనసులో మెదులుతుంది. ఇక అప్పట్నుంచీ తల దిమ్మెక్కేలా ఆలోచన. కొందరికి ఇంకో భయమూ పట్టుకుంటుంది. ‘ఈ వయసుకే ఇలా మరచిపోతున్నానేంటి? మెదడుకేమైనా అయ్యిందా?’ అని. పాతికేళ్ల కిందటి ఆట పేరు గుర్తుకురాకపోవటం జబ్బు కాదు. దీనికి మూడు రకాల కారణాలుంటాయి. మనది వాటిలో ఏదో తెలిస్తే సగం చిక్కు విడినట్టే.

అసలు పేరే తెలియదేమో!

మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మనం మరచిపోయామని అనుకుంటున్న పేరు అసలెప్పుడైనా మనకు తెలుసా? మెదడు దేన్నయినా గుర్తుంచుకోవాలంటే ముందు దాన్ని పట్టించుకోవాలి. పట్టించుకోనిది లోపలికి చేరదు. చేరనిదాన్ని వెతికితే దొరకదు.

1990ల్లో మనకు ఆటలు అందిన తీరు గుర్తు చేసుకోండి. టీవీకి తగిలించే వీడియో గేమ్‌కు ఒక క్యాసెట్ ఉండేది. దాని మీద వేలు, లక్షల ఆటలున్నట్టు అంకెలు వేసేవారు. నిజానికి ఉన్నవి కొన్నే. అవే మళ్లీ మళ్లీ, వేర్వేరు పేర్లతో, వేర్వేరు స్టేజీల నుంచి మొదలయ్యేవి. జాబితాలో చూపించే పేర్లు ముక్కలుముక్కలుగా, అక్షరాలు తారుమారై ఉండేవి. అసలు పేరు తెరమీద కనిపించకుండా తీసేసిన ఆటలూ లేకపోలేదు. ఇక కంప్యూటర్ ఆటలైతే ఫ్లాపీల్లో చేతులు మారుతూ వచ్చేవి. అప్పటి డాస్ వ్యవస్థలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే హద్దు. అందుకే ‘డేంజరస్ డేవ్’ మనకు వట్టి ‘డేవ్’ అయ్యింది. పైన చెప్పుకున్న ఎర్ర టోపీ బొమ్మ ఆట అదే. అమెరికాకు చెందిన జాన్ రొమెరో 1988లో రూపొందించిన ఈ ఆట 1990లో పీసీకి వచ్చింది.

పైగా ఆరేడేళ్ల పిల్లలకు ఇంగ్లిషు పేరుతో పనేముంది? ‘టోపీవాడి ఆట’, ‘పిల్లి ఆట’, ‘బాతుల తుపాకీ ఆట’ అని సొంత పేర్లు పెట్టుకునేవారు. మెదడులో నమోదైంది ఆ పేరే. కాబట్టి అసలు పేరు కోసం గింజుకోవటం కన్నా, మనం ఏమని పిలిచేవాళ్లమో గుర్తు చేసుకోవటం మేలు.

నోటిదాకా వచ్చి ఆగిపోతే..

ఇది రెండో రకం. పేరు తెలుసు. నోటిదాకా వచ్చినట్టే ఉంటుంది. బయటకు రాదు. దీని మీద హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ 1966లో చేసిన పరిశోధన ప్రసిద్ధి చెందింది. అరుదైన పదాల అర్థాలు చదివి వినిపించి, ఆ పదమేంటో చెప్పమన్నారు. నోటిదాకా వచ్చి ఆగిపోయినవారు పదాన్ని చెప్పలేకపోయినా అది ఏ అక్షరంతో మొదలవుతుందో, పలకటానికి ఎంత పొడవుంటుందో చాలాసార్లు సరిగానే ఊహించగలిగారు. అంటే పదం చెరిగిపోలేదు. దాన్ని చేరుకునే దారి కాసేపు మూసుకుపోయిందంతే.

ఇలాంటప్పుడు పట్టుబట్టి ఆలోచిస్తూ కూర్చోవటం మంచిదేనా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో దీన్ని పరీక్షించారు. పదం నోటిదాకా వచ్చి ఆగిపోయిన స్థితిలో కొన్నిసార్లు 10 సెకన్లకే జవాబు చెప్పేశారు. మరికొన్నిసార్లు 30 సెకన్ల వరకూ అలాగే వదిలేశారు. రెండు రోజుల తర్వాత చూస్తే, ఎక్కువసేపు గింజుకున్న పదాల దగ్గరే మళ్లీ తడబడ్డారు. గింజుకుంటున్నకొద్దీ మెదడు ఆ తడబాటునే వల్లె వేస్తుందన్నమాట. కాబట్టి రాత్రి పడుకోబోతూ గంటల తరబడి ఆ పేరు కోసం నిద్ర పాడుచేసుకోవటం తగదు. గుర్తున్నంత వరకూ కాగితం మీద రాసి పక్కన పెట్టండి. ఎవరినైనా అడిగి తెలుసుకోవటం తప్పేమీ కాదు. కొన్నిసార్లు అన్నం తింటున్నప్పుడో, స్నానం చేస్తున్నప్పుడో దానంతటదే తడుతుంది.

రెండు ఆటలు ఒకటైపోతే..

మూడో రకం మరీ తమాషాగా ఉంటుంది. మనకు బాగా గుర్తున్న ఆట అసలు ఎక్కడా లేకపోవచ్చు! ఒక ఆటలోని మోటార్ సైకిలు, మరో ఆటలోని అడవి, ఇంకో ఆటలోని సంగీతం కలిసిపోయి ఒక్క ఆటగా స్థిరపడిపోతాయి.

జ్ఞాపకం వీడియో కాదు. మీట నొక్కితే ఉన్నదున్నట్టు కనిపించదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు ముక్కలను ఏరి మళ్లీ పేర్చుకుంటుంది. ఖాళీలుంటే తనకు తెలిసిన వాటితో పూడ్చేస్తుంది. బ్రిటన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే దీన్ని వివరించారు. ఆయన బ్రిటన్‌వాసులతో ఉత్తర అమెరికా ఆదివాసీల కథ ఒకటి చదివించి, కొంతకాలానికి చెప్పమన్నారు. వారి నోట్లో తెడ్డు దోనెలు మామూలు పడవలైపోయాయి. సీల్ జంతువుల వేట చేపలు పట్టటంగా మారిపోయింది. తెలియనిది తెలిసిన రూపంలోకి ఒదిగిపోయింది.

పక్కవారి మాటలూ జ్ఞాపకంలోకి చొరబడతాయి. అమెరికా మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో కొందరికి కారు ప్రమాదం వీడియో చూపించారు. తర్వాత కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. మరికొందరిని ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత చూస్తే, మొదటి తరహా ప్రశ్న విన్నవారి కన్నా రెండో తరహా ప్రశ్న విన్నవారిలో ఎక్కువమంది పగిలిన అద్దాలు చూశామని చెప్పారు. వీడియోలో పగిలిన అద్దాలే లేవు. ఒక్క మాట మారితే చూడనిది చూసినట్టు అనిపించింది. ‘ఆ ఆటలో గుర్రం కూడా ఉండేది కదరా?’ అని అన్నయ్య ఒక్కసారి అంటే చాలు. మన ఆటలోకి గుర్రం వచ్చి చేరుతుంది.

‘ఆఖరి రాక్షసుడిని చంపింది నేనే’ అని ఇద్దరు అన్నదమ్ములూ వాదించుకోవటమూ అబద్ధం కానక్కర్లేదు. ఒకే సంఘటన తనకే జరిగిందని కవలలిద్దరూ గట్టిగా నమ్మటాన్ని 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం నమోదు చేసింది. పక్కన కూర్చుని చూసినవారికీ ఆ ఆట తాము ఆడినట్టే ఉంటుంది.

అమెరికాలో ‘పాలిబియస్’ అనే ఆట గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1981లో పోర్ట్‌లాండ్ నగరంలో దీన్ని పెట్టారని, ఆడినవారు జబ్బుపడ్డారని చెబుతారు. తాము చూశామని చెప్పేవారూ ఉన్నారు. కానీ ఇంతవరకూ అలాంటి యంత్రం ఒక్కటీ దొరకలేదు. అయితే అదే ఏడాది ఆ నగరంలో ఒక కుర్రాడు 28 గంటల పాటు ‘ఆస్టరాయిడ్స్’ ఆడి అస్వస్థతకు గురయ్యాడు. అదే రోజు మరో కుర్రాడికి ఇంకో ఆట ఆడాక తీవ్రమైన తలనొప్పి వచ్చింది. నిజంగా జరిగిన ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, లేని ఆట పుట్టుకొచ్చి ఉండొచ్చన్నది చాలామంది భావన.

కళ్లకు, చేతులకు గుర్తే

మరి ఏది నిలుస్తుంది? పేర్ల కన్నా రూపాలు, కదలికలు గట్టిగా నిలుస్తాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో, చిన్నప్పుడు పోకెమాన్ ఆటను విపరీతంగా ఆడిన పెద్దవారిని ఎంచుకుని, ఆ బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. చూపుకు సంబంధించిన భాగంలో ఒక ప్రత్యేకమైన మడత ఆ బొమ్మలకు స్పందించింది. ఆ ఆట ఆడనివారిలో ఇలా స్పందించలేదు. చిన్నతనంలో గంటల తరబడి చూసిన బొమ్మలు మెదడులో అంతగా చోటు చేసుకుంటాయన్నమాట.

హార్వర్డ్ వైద్యకళాశాల పరిశోధకుల బృందం 2000లో చేసిన మరో అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరం. మెదడు దెబ్బతిని కొత్త విషయాలేవీ గుర్తుండని ఐదుగురితో టెట్రిస్ ఆట ఆడించారు. ఆడిన సంగతే వారికి గుర్తులేదు. అయినా నిద్రలోకి జారుకునేటప్పుడు పైనుంచి పడే ముక్కలు కనిపిస్తున్నాయని వారిలో ముగ్గురు చెప్పారు. మనసుకు గుర్తులేనిది కూడా కళ్ల వెనక మిగిలే ఉంటుంది.

చేతుల సంగతీ అంతే. ‘కాంట్రా’లో 30 లైఫ్‌ల కోసం నొక్కే వరుసను చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. అదే రిమోట్ చేతికిస్తే పైకి, పైకి, కిందకి, కిందకి అంటూ బొటనవేలే కదిలిపోతుంది. సైకిలు తొక్కటం మాదిరిగా చేతివాటం జ్ఞాపకాలు మాటల జ్ఞాపకాలకు భిన్నమైన దారిలో భద్రమవుతాయి మరి.

ఇలా వెతికి చూడండి

పోలీసులు సాక్షులను ప్రశ్నించేందుకు మనస్తత్వవేత్తలు ఫిషర్, గైసెల్మన్ 1980ల్లో ఒక పద్ధతిని రూపొందించారు. సూటిగా ప్రశ్నించకుండా ముందు సాక్షిని ఆ చోటులోకి, ఆ సమయంలోకి మనసులోనే తీసుకెళ్తారు. ఎంత చిన్న విషయమైనా చెప్పమంటారు. మధ్యలో అడ్డుపడరు. జవాబు అందించరు. పాత ఆటను వెతకటానికీ ఇది చక్కగా పనికొస్తుంది.

ముందు ఒంటరిగా రాయండి: ఎవరినీ అడగకముందే, ఏ ఫొటో చూడకముందే గుర్తున్నదంతా రాసుకోండి. ఒకసారి బయటి మాట కలిస్తే ఏది మనదో, ఏది ఎదుటివారిదో తేల్చుకోవటం కష్టం.

ఆటను కాదు, గదిని తలచుకోండి: ఎవరిల్లు? ఏ సెలవులు? అప్పుడు మీరు ఏ తరగతి? కుర్చీలో ఎవరు, కింద ఎవరు కూర్చునేవారు? సరిగ్గా ఏ స్టేజ్‌లో కరెంటు పోయేది? సంవత్సరం దొరికిందంటే వెతకాల్సిన ఆటల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

యంత్రాన్ని గుర్తుపట్టండి: క్యాసెట్టా, ఫ్లాపీయా, సీడీయా, కీప్యాడ్ ఫోనా? నోకియా ఫోన్లలో పాము ఆట 1997లో మొదలైంది. సీడీలో వచ్చిన ఆటైతే చాలావరకు 1990ల మధ్యలోనో, ఆ తర్వాతో ఆడి ఉంటారు.

రంగులు లెక్కపెట్టండి: తెర మీద నలుపు, తెలుపుతో పాటు లేత నీలం, ముదురు గులాబీ మాత్రమే గుర్తుంటే అది 1980ల నాటి నాలుగు రంగుల పరిజ్ఞానంతో చేసిన ఆట కావొచ్చు. ఆ తర్వాత 16 రంగులు, 1987 నుంచి 256 రంగులు వచ్చాయి.

కదలికను గమనించండి: బొమ్మ పక్క నుంచి కనిపించేదా, పై నుంచా? లేక మన కళ్లతోనే చూస్తున్నట్టుండేదా? పరుగెత్తి అంచు పట్టుకుని వేలాడేదా? 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’లో రాకుమారుడి పరుగు నిజం మనిషిలా ఉండటానికి కారణం ఉంది. దాని రూపకర్త జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తటాన్ని, దూకటాన్ని వీడియో తీసి దాని ఆధారంగా బొమ్మలు గీశారు.

నమ్మకాన్ని బట్టి విడదీయండి: ‘ఖాయంగా గుర్తుంది’, ‘అలా అనిపిస్తోంది’, ‘ఎవరో చెప్పారు’ అని మూడు వరుసలు రాయండి. మొదటి వరుసలోని వాటితోనే వెతకటం మొదలుపెట్టండి. రెండు ఆటలు కలిసిపోయి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

ఉదాహరణకు ఒకరు ఇలా రాసుకున్నారనుకుందాం. ‘అంతరిక్షంలో రోడ్డు. దాని మీద చిన్న నౌక. మధ్యలో ఖాళీలు. దూకకపోతే కింద పడిపోతుంది. ఫ్లాపీలో తెచ్చుకున్నాం’. ఇంత చాలు. అది 1993 నాటి ‘స్కై రోడ్స్’. దాన్ని చేసింది ఎస్టోనియా యువకులు. తర్వాతి కాలంలో స్కైప్ వెనకున్నదీ వారే. ‘కత్తి పట్టిన పిల్లి, కుక్క సైనికులతో యుద్ధం’ అని రాస్తే అది 1997లో వచ్చిన ‘క్లా’.

ఆట దొరికాక బొమ్మలో, వీడియోలో చూసి సరిపోల్చుకోండి. ఊరూపేరూ లేని చోట్ల నుంచి పాత ఆటల ఫైళ్లు దింపుకోవద్దు. వాటితో పాటు కంప్యూటర్‌లోకి వైరస్‌లూ రావొచ్చు.

ఎందుకింత తపన?

పేరు తెలిస్తే ఒరిగేదేంటి అనుకోవచ్చు. మనసుకు మాత్రం కొంత మేలే జరుగుతుంది. నలభై దాటినవారిని జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల వయసు మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. మనమెవరమో రూపుదిద్దుకునే కాలమది.

1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి, సొంతూరికి దూరమైనవారి బెంగను జబ్బుగా వర్ణిస్తూ దానికి ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దృష్టి మారింది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో చేసిన అధ్యయనాల్లో పాత రోజుల తలపోత ఎక్కువగా ఒంటరితనం, దిగులు కలిగినప్పుడు పుట్టుకొస్తున్నట్టు, నలుగురితో అనుబంధం ఉందన్న భావనను పెంచుతున్నట్టు తేలింది. ఆ తలపోతల్లో మనం ఒక్కరమే ఉండం. మనతో పాటు దగ్గరివారూ ఉంటారు. ఆట కోసం వెతుకుతూ పదేళ్లుగా మాట్లాడని బాబాయి కొడుక్కి ఫోన్ చేస్తే, ఆట దొరక్కపోయినా ఆ ఫోన్ మిగులుతుంది. అయితే రోజూ రాత్రుళ్లు నిద్ర మాని వెతకటం, ఇప్పటి జీవితం మీద విసుగు పెరగటం మాత్రం మంచిది కాదు.

పెద్దవాళ్లను ఇలా అడగండి

మన ఆటలకు పనికొచ్చిన సూత్రమే ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యలకూ వర్తిస్తుంది. ‘ఇదెవరో గుర్తుందా? చెప్పు చూద్దాం’ అని పరీక్ష పెడుతుంటాం. పేరు చెప్పలేకపోతే వారు చిన్నబుచ్చుకుంటారు. మతిమరుపు సమస్య ఉన్నవారికైతే మరింత బాధ. దానికి బదులు ‘ఆ ఇంట్లో బావి ఎటువైపు ఉండేది? సంక్రాంతికి ఎవరెవరు వచ్చేవారు? మీరు ఆడుకున్న వామనగుంటల పీట ఎలా ఉండేది?’ అని చుట్టూ ఉన్న సంగతులు అడగండి. వీలైతే వస్తువు చేతిలో పెట్టండి. గవ్వలు, చింతగింజలు చేతికి తగిలితే వేళ్లు ముందు కదులుతాయి, మాటలు తర్వాత వస్తాయి. జవాబు మీరు అందించొద్దు. తప్పు చెప్పినా అక్కడికక్కడే సరిదిద్దొద్దు. డిమెన్షియా బాధితుల సంరక్షణలో ఇలా పాత వస్తువులు, ఫొటోలు, పాటలతో ముచ్చటించే పద్ధతిని వాడుతున్నారు. దీంతో జబ్బు నయం కాదు. ప్రయోజనమూ అందరిలో ఒకేలా ఉండదు. కానీ కొందరిలో మాట్లాడటం, జీవన నాణ్యత కొంత మెరుగవుతున్నట్టు అధ్యయనాలు సూచిస్తున్నాయి.

ఎప్పుడు డాక్టరును కలవాలి?

పాత పేర్లు మరచిపోవటం కన్నా కొత్త సంగతులు నిలవకపోవటాన్ని గమనించాలి. ఇవి కనిపిస్తే తాత్సారం వద్దు.

* చెప్పిన మాటే, అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్లీ మళ్లీ అడగటం.
* రోజూ తిరిగే వీధిలోనే దారి తప్పటం.
* చాలాకాలంగా చేస్తున్న వంట, డబ్బు లెక్కలు, బ్యాంకు పనుల్లో తికమకపడటం.
* మామూలు వస్తువుల పేర్లు తరచూ తట్టకపోవటం, మాట మధ్యలో ఆగిపోవటం.
* స్వభావం మారిపోవటం, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోవటం.

మాట ఉన్నట్టుండి తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో చచ్చుబడినా అది పక్షవాతం కావొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వయసులో ఉన్నవారికి మరపు ఎక్కువైతే చాలాసార్లు సరిదిద్దుకోదగ్గ కారణాలే ఉంటాయి. నిద్రలేమి, కుంగుబాటు, ఆందోళన, థైరాయిడ్ తగ్గటం, విటమిన్ బి12 లోపం, మద్యం, కొన్నిరకాల మందులు ఇందుకు దోహదం చేయొచ్చు. మామూలు రక్తపరీక్షలతోనే వీటిలో కొన్ని బయటపడతాయి. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లటం మరవొద్దు. మందులను మాత్రం సొంతంగా ఆపెయ్యొద్దు.

ఇవేవీ లేకుండా టోపీవాడి ఆట పేరొక్కటే గుర్తుకురావటం లేదా? నిశ్చింతగా ఉండండి. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని ఆ గదిని, ఆ సెలవులను, పక్కన కూర్చున్నవారిని రాయండి. ఆ తర్వాత వారికే ఫోన్ చేయండి. ‘గుర్రం ఉండేది కదా’ అని మాత్రం మీరు ముందే అనకండి!